అశోక్‌నగర్ నుంచి వచ్చిన ఉత్తరాలు

జడ్చర్లకు ఆరూ నలభైకి రావలసిన ప్యాసింజర్ ఏడు దాటాక వచ్చింది. కాచిగూడకు టికెట్టు పదిహేను రూపాయలు. సంచిలో నీళ్ల సీసా, అమ్మ కట్టిచ్చిన రెండు జొన్నరొట్టెలు, ఒక పాత ఇన్‌లాండ్ లెటరు ఉన్నాయి. కాలేజీ పని మీద పట్నం పోతున్నానని అమ్మకు చెప్పాను. అది అబద్ధం. నాన్న పోయిన మూడు నెలలకు, ఆయన ప్రేమించిన ఆవిడను వెతుక్కుంటూ బయలుదేరాను. రెండు వేల పన్నెండు ఫిబ్రవరి అది.

మా నాన్న నర్సింలు మిలిటరీలో లారీ డ్రైవరు. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు తూర్పు సరిహద్దులో ఉన్నాడు. ఆ రోజుల గురించి ఆయన పెద్దగా చెప్పలేదు. చెప్పినా వినే తీరిక నాకెక్కడిది? ఇంటర్ చదివేటప్పుడు ఒక సాయంత్రం తన ఇనుప పెట్టె తెరిచి, "ఇటు రా బిడ్డా, జర ఇవి చదివి వినిపియ్యి" అని ఏవో కాగితాలు చూపించాడు. తనకు చదవడం వచ్చు కదా, నాతో ఎందుకు అనుకున్నాను. రేపు చదువుతానని చెప్పి క్రికెట్‌కు పరుగెత్తాను. ఆయన మళ్లీ అడగలేదు.

నాన్న దినాలయ్యాక ఆ పెట్టె సర్దుతుంటే అడుగున ఇన్‌లాండ్ లెటర్ల కట్ట దొరికింది. గుండ్రటి, బాగా చదువుకున్న చేతిరాత. వెనక పంపినవారి పేరు కె. సుశీల, అశోక్‌నగర్, హైదరాబాద్. లోపల పిలుపూ లేదు, సంతకమూ లేదు. "మీరు వచ్చేదాకా జాతరకు పోను. వీధిలో లారీ చప్పుడైతే లేచి కూర్చుంటున్నాను." ఇలాంటి మాటలు. ప్రతి ఉత్తరం కింద ఒక మూలన ఎర్రటి మరక.

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నేనేమో జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. పేరు లేని ఉత్తరాన్ని అర్థం చేసుకోవడం నాకొక లెక్కా? నాన్నకు పట్నంలో ఒకావిడ ఉండేదని అక్కడే తేల్చేశాను. అమ్మ కంట పడకూడదని, చిరునామా కోసం ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ పెరట్లో నీళ్లపొయ్యిలో పెట్టాను. నీళ్లు కాగాయి. ఆ నీళ్లతోనే తలస్నానం చేశాను.

రైలు పెట్టెలో నా ఎదురుగా మేస్త్రీ పనికి పోతున్న భార్యాభర్తలు కూర్చున్నారు. "పట్నంల మీవాళ్లు ఉన్నరా సార్?" అని ఆయన అడిగాడు. ఎవరూ లేరన్నాను. నిజానికి పెళ్లయిన కొత్తలో మా అమ్మ కూడా తన అన్నతో పట్నం పోయి ఎవరింట్లోనో అంట్లు తోమింది. ఎవరింట్లో అని నేనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి ఎత్తితే చాలు, నా భార్య వింటుందని, తోటి లెక్చరర్లు వింటారని మాట మార్చేసేవాణ్ని.

తొమ్మిదిన్నరకు కాచిగూడలో దిగాను. నారాయణగూడ చౌరస్తా దాకా ఆటోకు ముప్పై రూపాయలు. లైబ్రరీ దగ్గరి అశోక్‌నగర్‌కు పోవాలని చెబితే ఆటో ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఈ వయసుల ఏం పరీక్ష అన్నా?" ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లంతా అక్కడే ఉంటారు మరి. చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగుతూ, ఆవిడను అడగాల్సిన ప్రశ్నను మనసులో నాలుగైదుసార్లు చెప్పుకున్నాను. చాయ్ చల్లారిపోయింది.

అక్కణ్ణుంచి చిక్కడపల్లి నడకే. సెంట్రల్ లైబ్రరీ గోడ వెంబడి పుస్తకాలు ఒళ్లో పెట్టుకున్న పిల్లలు, జిరాక్స్ షాపులు, హాస్టళ్ల బోర్డులు. అశోక్‌నగర్ సందులో ఉత్తరం మీదున్న నంబరు ఇల్లు లేదు, దాని స్థానంలో నాలుగంతస్తుల అపార్టుమెంటు ఉంది. మెట్ల కింద ఇస్త్రీ చేస్తున్నతన్ని అడిగాను.

"సుశీలమ్మనా? మూడో అంతస్తు. మీది పాలమూరు దిక్కా సార్? మాటలనే తెలుస్తున్నది. మాది గూడ గదే," అన్నాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా ఇంటామెకు ఏ కాయిదం వచ్చినా ఆమెనే చదివి చెప్తది. మంచి మనిషి," అని కూడా అన్నాడు. కోపం నెత్తికెక్కిన మనిషికి చెవులు పనిచేయవు. నేను మెట్లెక్కాను.

తలుపు తీసినావిడకు డెబ్భై ఐదేళ్లు దాటి ఉంటాయి. నారాయణగూడ బడిలో పనిచేసి రిటైరయిందట, గోడ మీద పిల్లలతో దిగిన ఫోటోలున్నాయి. కూర్చోమంది. కూర్చోలేదు. ఉత్తరం ముందు పెట్టి, "ఈ చేతిరాత మీదేనా?" అన్నాను.

అద్దాలు పెట్టుకుని చూసింది. "నాదే. నీకెక్కడిది బాబూ?"

"నేను నర్సింలు కొడుకుని. మా నాన్నతో మీకేం సంబంధం?" ఇంకా గట్టిగా తగలాలని, "మా అమ్మ బతికే ఉంది," అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "బాలమణి బతికుందా! ఎట్లున్నది? మోకాళ్లు మంచిగున్నయా?"

ఆవిడ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అంట్లు తోముడయినంక వంటింటి గడప మీద కూచుని చెప్పేది, నేను రాసేదాన్ని. మొగుని పేరు నోటితోని అనొద్దంటది, నన్ను గూడ రాయనియ్యదు. అందుకే పేరు లేకుంటనే మొదలుపెట్టేదాన్ని. జర మంచిగ కూర్చి రాస్తే, 'నేను అనని మాట రాయకు పంతులమ్మా' అని కొట్లాడేది. వేలిముద్ర వెయ్యమంటే అది అప్పుల కాయిదాలకు వేస్తరని, నొసటి కుంకుమ వేలికద్దుకుని కింద పెట్టేది."

పంతులమ్మ. 'మా పంతులమ్మ ఏమనేదంటే' అని అమ్మ మొదలుపెట్టిన ప్రతిసారీ నేను తుంచేసిన మాట. ఒక్కసారి చివరిదాకా విని ఉంటే ఈ రైలే ఎక్కాల్సిన పని ఉండేది కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. నాన్న అమ్మకు రాసిన ఉత్తరాలు. "గుడిసె కురుస్తదని నా దగ్గరనే పెట్టేది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు అర్జంటుగ ఊరికి తీసుకపోయిండ్రు. ఎప్పటికన్న వస్తదని దాచిన." తర్వాత మెల్లగా అడిగింది. "మరి ఆమెవి? ఆయన భద్రంగ దాచుకున్నడా?"

"దాచుకున్నడు," అన్నాను. అది నిజమే. ఆ తర్వాతి నిజం ఆవిడకు చెప్పలేదు.

అన్నం తినకుండా పోనివ్వలేదు. పప్పు, చింతకాయ పచ్చడి. తిన్నాక ఆ కవరు నా చేతికిచ్చి పంపింది.

మూడున్నర ప్యాసింజర్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. షాద్‌నగర్ దాటేదాకా కవరు విప్పలేదు. విప్పాక ఆపలేకపోయాను. వంతెన లేని వాగులూ, లారీ కిందే నిద్రా, పక్కవాడు చనిపోయిన రోజూ, అన్నిటి చివరా బాలమణీ. పక్కన ఖాళీ కూరగాయల గంపతో కూర్చున్న ముసలామె నా కళ్లు చూసింది.

"ఏంది బిడ్డా అది?"

"మా నాయిన ఉత్తరమవ్వా."

"గట్టిగ చదువు, నేను గూడ వింట."

చివరిది తీసి చదివాను. "బాలమణికి. నీ ఉత్తరాలన్ని పెట్టెల దాచిన. ఒక్కటి పోనియ్యలే. కడుపులున్నోడు పెద్దగై చదువు నేర్చినంక, ఇద్దరం ఎదురుంగ కూసోని వాని నోటితోని చదివించుకుందాం."

ఆ క్రికెట్ సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నాన్న పక్కన కూర్చుంది. నేను చూశాను. చూసే పోయాను.

"మరి చదివినవా?" అంది ముసలామె.

"లేదవ్వా. కాల్చిన."

ఆమె గంప పక్కకు జరిపింది. "ఇంటికి పోంగనే ముందుగాల మీ అమ్మకు అది చెప్పు. ఇవి చదువుడు తర్వాత. ముందు చదివి తర్వాత చెప్తే, విన్న సంతోషం గూడ దక్కనియ్యనోడివైతవ్," అంది.

అశోక్‌నగర్‌కు దారి తేలికే. ఒక రైలు, ఒక ఆటో, కాస్త నడక. నేను దానికి నలభై ఏళ్లు తీసుకున్నాను. మీకూ ఇలాంటి ప్రయాణం ఏదైనా ఉంటే, టికెట్టు కొనేముందు వంటింట్లో ఉన్న మనిషిని అడగండి.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. "పోయిన పని అయ్యిందా?" అంది.

చెప్పులు విప్పకుండానే చెప్పాను. "అమ్మా, నాయిన పెట్టెలున్న నీ ఉత్తరాలు నేనే కాల్చిన."

ఆమె చేతులు చేటలోనే ఆగిపోయాయి. "అన్నీనా?" అంది.

సంచిలోంచి ఆ ఒక్కటీ తీసి ఆమె చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని విప్పి, కింద మూలన తన కుంకుమ మీద వేలు ఆనించింది. చిరునామా కోసం ఉంచుకున్నానని మాత్రం చెప్పలేకపోయాను.