ముప్పావు కిలో ఎక్కువ

కాటా మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తూచనిదే దేన్నీ నమ్మడు. ఉత్తరం వస్తే విప్పకముందే తూస్తాడు. చుట్టం వస్తే సూట్‌కేసు తూచి లోపల పెడతాడు, వెళ్ళేటప్పుడు మళ్ళీ తూస్తాడు. "అనుమానం కాదండీ, ఆసక్తి," అంటాడు. మేనకోడలు పుట్టిన రోజున చుట్టాలందరూ ఆసుపత్రి మంచం చుట్టూ చేరి ముక్కు ఎవరిది, గడ్డం ఎవరిది అని తగువు పడుతుంటే, ఈయన నర్సును పక్కకు పిలిచి, "మీ కాటా ముల్లు సున్నా దగ్గరే నిలబడుతోందామ్మా?" అని అడిగాడట. ఇరవై ఆరేళ్ళుగా ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూనే ఉన్నారు, మేనకోడలు ప్రతిసారీ నవ్వాల్సి వస్తూనే ఉంది.

పిచ్చికి తగ్గ వృత్తే దొరికిందాయనకు. ఊరి చివర షెడ్డులో ఏటీవీలకు నైట్రస్ బిగిస్తాడు. నాలుగు లావుపాటి టైర్లూ మోటార్‌సైకిల్ హ్యాండిలూ పెట్టుకుని బురదా రాయీ అని చూడకుండా గుట్టలెక్కే బండి ఏటీవీ. నైట్రస్ అంటే సీసాలో కుక్కి పెట్టిన గ్యాసు. మీట నొక్కగానే ఇంజన్‌లోకి దూరి పెట్రోలును భగ్గున మండిస్తుంది, కొన్ని సెకన్లపాటు బండికి ఎక్కడలేని బలమూ వస్తుంది. గ్యాసుకు తగ్గట్టు పెట్రోలు కూడా పెరగకపోతే మాత్రం లోపలి పిస్టన్ కరిగి ముద్దవుతుంది. అలా కరిగిన పిస్టన్లు ఆయన అలమరలో వరసగా కూర్చుని ఉంటాయి. ఒక్కోదాని కింద ఒక్కో చీటీ: "నాకు తెలుసన్నవాడు." "ఒక్కసారికేం కాదన్నవాడు." "మా బావమరిది."

సీసాలో గ్యాసు ఇంకా ఎంత ఉందో మీటరు చూస్తే తెలియదు, తూచాల్సిందే. అందుకే షెడ్డు మధ్యలో గుండ్రటి మొహమూ పొడుగాటి ముల్లూ ఉన్న ఓ పాత కాటా ఉండేది. సీసాలతో మొదలైన తూకం మెల్లగా మనుషుల మీదికి పాకింది. పెళ్ళైన కొత్తలో అత్తయ్యను కూడా ఎక్కించాడట. "ఒక్కసారే ఎక్కాను. ఆ తర్వాత కాటా ఎక్కడుంటే నేను అక్కడుండనని చెప్పాను," అంటుంది అత్తయ్య. అందుకే కాటా షెడ్డులోనూ ఆవిడ ఇంట్లోనూ స్థిరపడ్డారు.

నైట్రస్ విషయంలో ఆయన చాదస్తం ఇంతా అంతా కాదు. చలిరోజుల్లో సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, పసిపిల్లకు స్నానం పోసేవాళ్ళలాగా మోచేత్తో వేడి చూసేవాడు. ఒకాయన తొందరపడి సీసాకు మంట చూపించాడని తెలిసి, ఏడాదిపాటు అతని వీధిలోంచి నడవనైనా నడవలేదు. "మంట పెట్టే ఇల్లది, ఎప్పుడు గాల్లోకి లేచిపోతుందో," అని చుట్టు తిరిగి వెళ్ళేవాడు. చక్రాలు తిన్నగా ఉండాలి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉండాలి, అప్పుడే గ్యాసు మీట. మలుపులో మీట నొక్కినవాడికి మళ్ళీ జన్మలో సీసా ఇవ్వడు.

ఇవన్నీ న్యాయమే. పోటీ రోజున మైదానానికి కాటా మోసుకొచ్చి, సీసా తర్వాత మనిషిని కూడా ఎక్కించడమే జనానికి మింగుడుపడేది కాదు. అదేమంటే, గ్యాసును కొలిచి వదిలే జెట్టు అనే ఇత్తడి ముక్కకున్న చిల్లి, నడిపేవాడి బరువును బట్టి ఉండాలట. ఎక్కినవాణ్ణి కదలకుండా నిలబెట్టి, కళ్ళు చికిలించి నిమిషంపాటు ముల్లునే చూసేవాడు. తర్వాత రెండు మాటల్లో ఒకటి చెప్పేవాడు. "సరిపోయింది," లేదా "ఎక్కువైంది, ఇవాళ సీసా లేదు."

"నిన్ననేగా ఇంట్లో చూసుకున్నాను, సరిగ్గానే ఉన్నాను!" అని క్వారీ లారీ డ్రైవరు ఓసారి మొత్తుకున్నాడు. మనిషి ఆజానుబాహువు.

"మీ ఇంటి నేల వాలుగా ఉంటుంది," అన్నాడు మామయ్య.

"మా ఇల్లు మీరెప్పుడు చూశారు?"

"చూడక్కర్లేదు, కట్టింది మా బావమరిది."

అందరూ కలిసి అంకెలొచ్చే కొత్త కాటా ఒకటి కొనిచ్చారు. దాన్ని తూచి, బరువు రాసి, షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు.

ఇలాంటి మామయ్య చేతిలో పడింది మేనకోడలు. గుట్ట ఎక్కే పోటీలో రెండేళ్ళు వరసగా ఆమెదే మొదటి స్థానం. మూడు నెలల కిందట మూడో మలుపులో బండి తిరగబడి మెడ కింద ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది. కానీ కళ్ళు మూస్తే మూడో మలుపే కనబడి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పోటీ మానుకుంటే "ఒక్క దెబ్బకే చల్లబడింది" అంటారు. ఆ మాట పడటం కన్నా ఇంకో ఎముక విరగ్గొట్టుకోవడమే నయమనుకుంది.

పోటీ రోజున కాటా ఎక్కింది. మామయ్య ఎప్పటికన్నా ఎక్కువసేపే చూశాడు.

"ముప్పావు కిలో ఎక్కువ. ఇవాళ సీసా లేదు."

"ఏంటి మామయ్యా! పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు!"

"అదే మరి. ఖాళీ కడుపులో గాలి చేరుతుంది."

"గాలికి బరువేంటి?"

"గ్యాసు సీసాలు తూచి బతికేవాణ్ణి పట్టుకుని గాలికి బరువేంటంటావేంటే!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె మైదానం దద్దరిల్లేలా అరిచింది, హెల్మెట్ విసిరికొట్టింది, మళ్ళీ తనే వెళ్ళి తెచ్చుకుంది. సీసా లేకుండానే బండి తీసింది. మూడో మలుపును పెళ్ళినడకలో దాటి ఆరో స్థానంలో దిగింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. "పాపం, కాటాయన సీసా ఇవ్వలేదట," అని జాలిపడ్డారు. ఇంటికెళ్ళి మామయ్యను తిడుతూ రెండుసార్లు వడ్డించుకుని తిని, మూడు నెలల్లో మొదటిసారి ఆదమరిచి నిద్రపోయింది. ఎందుకంత నిద్ర పట్టిందో ఆలోచించలేదు. కోపంలో ఉంది.

కోపం తగ్గనివ్వకుండా మర్నాడే షెడ్డుకెళ్ళి నైట్రస్ బిగింపు పుస్తకం తీసి అట్ట నుంచి అట్ట దాకా చదివింది. సీసాను ఎలా కట్టాలో ఉంది. ఏ ప్లగ్గు వాడాలో, గ్యాసుకు ఎంత పెట్రోలు కలవాలో ఉంది. నడిపేవాడి బరువు మాత్రం ఎక్కడా లేదు.

"మామయ్యా, ఇందులో మనిషి బరువు అన్న మాటే లేదు."

"అది పాత ముద్రణ."

"కొత్తదేది?"

"తూచి ఎక్కడో పెట్టాను," అని ఆయన సీసా కింద దూరిపోయాడు.

తర్వాతి పోటీకి ఆమె ఆ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళింది. పాతిక మంది చుట్టూ ఉండగా ట్రాలీ ఎక్కి, "ఇన్నేళ్ళూ మనల్ని వెర్రివాళ్ళను చేశాడీయన!" అంటూ జెట్ల అధ్యాయం మొత్తం గట్టిగా చదివి వినిపించింది. గొడవ లేస్తుందనుకుంది. కానీ కొందరు తమ బూట్లు చూసుకున్నారు. మామయ్య కాటా అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ.

క్వారీ డ్రైవరు ఆమెను ట్రాలీ దింపి లారీ వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఆ పుస్తకం మేమంతా ఎప్పుడో చదివాం తల్లీ. లోపల పెట్టు."

"చదివీ ఊరుకున్నారా?"

"కిందటేడు మా ఆవిడకు ఆపరేషనైంది. రెండు రాత్రులు కునుకు లేకుండా వచ్చి కాటా ఎక్కాను. ఒళ్ళు వణికితే ముల్లు వణుకుతుంది. మీ మామయ్య చూసేది బరువు కాదు, ఆ వణుకు. వణికే వేలికి గ్యాసు మీట ఇస్తే మలుపులోనే నొక్కేస్తుంది. 'నీకు భయంగా ఉంది, ఇంటికి పో' అంటే నేను పోతానా? నా ఒడ్డూ పొడుగూ చూశావుగా. కిలోంబావు ఎక్కువన్నాడు. దారంతా ఆయన్ని తిట్టుకుంటూ పోయి హాయిగా పడుకున్నాను."

ఆమెకు కాటా ఎక్కేముందు తను నిద్రపోని రాత్రులు గుర్తొచ్చాయి. సిగ్గేసింది, దాంతోపాటు మామయ్య మీద ప్రేమ ముంచుకొచ్చింది, చేతిలో పుస్తకం మహా బరువనిపించింది.

లారీ వెనకనుంచి వచ్చేసరికి కాటా మీద ఓ కొత్తాయన నిలబడి ఉన్నాడు. పళ్ళ డాక్టరు. ఏటీవీ కొని నెల కాలేదు. "ఈ గ్యాసు నాకు కొత్తేం కాదండీ, నొప్పి తెలియకుండా రోజూ పేషెంట్లకు పీల్పిస్తూనే ఉంటాను," అని పొద్దున్నుంచీ అందరికీ చెబుతున్నాడు. అందరికన్నా పెద్ద జెట్టు కావాలన్నాడు. భార్యా అత్తగారూ గొడుగు కింద కూర్చుని చేతులూపుతున్నారు. ముల్లు మాత్రం గజగజలాడుతోంది.

మామయ్య నోరు తెరిచి, మేనకోడలి వైపు చూసి, మూసేశాడు. ఆమె చదివింది డాక్టరు కూడా విన్నాడు, ఇప్పుడేమని చెప్పగలడు? పాతిక మందీ గుట్ట వైపు చూస్తున్నారు.

"ముప్పావు కిలో ఎక్కువ డాక్టరుగారూ! ఇవాళ సీసా లేదు," అంది మేనకోడలు.

"ఇందాకేగా బరువుకీ దీనికీ సంబంధం లేదని మీరే చదివారు?"

"నేను తెచ్చింది పెద్ద కార్ల పుస్తకమండీ. పేరు చూసుకోకుండా నోరు పారేసుకున్నాను." గొంతు పెంచి అందరికీ వినపడేలా చెప్పింది. "మా మామయ్య లెక్కే కరెక్టు. నాదే బుద్ధి తక్కువ."

రెండుసార్లు గెలిచిన పిల్ల అంతమంది ముందు అలా లెంపలేసుకోవడం ఆ మైదానం ఎన్నడూ చూడలేదు. డాక్టరు భగ్గుమన్నాడు. అన్యాయమన్నాడు, రాజకీయమన్నాడు, కొత్తవాళ్ళంటే లోకువన్నాడు. అరిచేకొద్దీ ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

మామయ్య మేనకోడలి పక్కకు జరిగి, పెదవులు కదపకుండా గొణిగాడు.

"ముప్పావు అన్నావేంటే? ఆయన బూట్లు చూడు, రెండు కిలోలుంటాయి. విప్పి మళ్ళీ ఎక్కితే ఏం చేస్తావు?"

డాక్టరు నిజంగానే అరవడం ఆపి తన బూట్ల వైపు చూసుకున్నాడు. వాటినీ, గుట్టనూ, మూడో మలుపునూ కాసేపు మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత వంగి, ఊడిన లేసు ఒకటి గట్టిగా బిగించి కట్టుకుని, గొడుగు కిందికెళ్ళి అత్తగారి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"వీళ్ళది పరమ చాదస్తమండీ," అని ఆవిడతో అంటూ, హాయిగా కాళ్ళు బారజాపుకున్నాడు.