మరియవ్వ తాళంచెవి

మార్చి నెలలో ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గర ఆటో దిగితే చాలు, పసుపు వాసన ముక్కుకే కాదు, చొక్కాకూ పట్టుకుంటుంది. అందరికీ అది పంట వాసన. నాకు మాత్రం గుడి వాసన. అక్కడే మోకరిల్లాలనిపిస్తుంది గాని, హమాలీలు దారి ఇవ్వమంటారు.

మా ఊరు నందిపేట్ తోవలో ఉంది. అక్కడ ఎప్పుడో పరదేశపు ఫాదర్లు కట్టించిన రాతి గుడి ఉండేది. మందపాటి సున్నపు గోడలు, ఎండాకాలంలో కూడా కొత్త కుండలా చల్లగా ఉండే లోపలి చీకటి, కొసలు తేలిన కమానులు, టేకు తలుపులు, గంట గోపురంలో పావురాల కాపురం. రంగు అద్దాల కిటికీలో ఒక ముక్క ఎవరి బంతికో పగిలితే రేకు కొట్టారు. అప్పటినుంచి పునీత పేతురు గారికి ఒక భుజం రేకుదే. పొద్దుటి పూజలో ఆ అద్దాల ఎరుపూ నీలమూ చాపల మీద పడితే, పిల్లలం అరచేతుల్లో పట్టుకుని ముందువాళ్ల వీపులకు పూయబోయేవాళ్లం. పాపసంకీర్తనం చేసే, అంటే ఫాదర్ చెవిలో పాపాలు ఒప్పుకునే చెక్క గూడు తలుపు ఎంత కిర్రుమనేదంటే, ఎవరు పాపం చేశారో ఊరంతటికీ తెలిసేది. ఏం పాపమన్నది మాత్రం రహస్యమే. మరియమాత విగ్రహం పాదాలకు హిందువులని, క్రైస్తవులని లేకుండా ఆడవాళ్లంతా పసుపు రాసేవారు. ఆ తల్లిని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు.

ఆ గుడి తాళంచెవి మా నాయనమ్మ మరియవ్వ బొడ్లో ఉండేది. తాత అక్కడ జపాలు నేర్పే ఉపదేశి. ఆయన పోయాక, ఫాదర్ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు కాబట్టి, మిగిలిన రోజుల్లో గుడికి ఆమే దిక్కు. ఊడ్చేది, దీపాలు తుడిచేది, ఈస్టర్ ముందరి తపస్సుకాలంలో విగ్రహాలకు ఊదా గుడ్డలు కప్పేది. ఆ తాళంచెవి తప్ప ఆమెకు వేరే నగ లేదు. నలభై రోజులు నీచు ముట్టని ఊరు ఈస్టర్ నాడు కోడికూరతో బాకీ తీర్చుకునేది. దానికి ముందు గోడలకు కొత్త సున్నం వేయించడం నాయనమ్మ పని. పసుపు ఉడకబెట్టి కళ్లాల్లో ఆరబోసే రోజులూ అవే.

ఒక ఏడాది సున్నం వేసిన సాయంత్రమే అకాల వాన దిగింది. పక్క వాడ రాజవ్వ నెత్తిన గోనెసంచితో పరుగెత్తుకొచ్చింది. గుడి ఆమెది కాదు, పసుపు మాత్రం ఆమెదే.

"ఓ మరియక్కా, జర తాళం తియ్యే! ఏడాది కష్టమంత కొట్కపోతున్నది!"

నాయనమ్మ తడి గోడల వైపు ఒక్కసారి చూసింది.

"సున్నం ఇయ్యాల్నే ఏసిన్రు గదనే..." అంటూనే తలుపులు బార్లా తెరిచింది. "కాళ్లు కడుక్కొని రాండ్రి! బురదతోని వస్తె ఊకోను."

ఊరి పసుపంతా లోపలికొచ్చింది. గోడల పొడవునా కుప్పలు పోశారు. పాపసంకీర్తనాల గూట్లో కూడా ఎవరో సంచుల్ని మోకరిల్లబెట్టారు. సున్నానికి పసుపు తగిలితే ఎర్రబడుతుందని తెలియని మనిషి మా వైపు పుట్టడు. అయినా ఆ వానలో కుప్పలు పోసేవాళ్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు. తెల్లారేసరికి గోడలు నడుమెత్తు దాకా నెత్తుటి రంగు. దొంకేశ్వర్ నుంచి కొందరు అద్భుతం చూద్దామని వచ్చారు. సంగతి తెలిశాక చాయ్ తాగి వెళ్లిపోయారు.

ఆదివారం ఫాదర్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"గుడి గోదాం కాదు గదవ్వా," అన్నాడు.

"వానకు మనుషులొస్తే తియ్యకుంటమా ఫాదరూ? గా పసుపు గూడ మనుషుల కష్టమే గద."

"తాళంచెవి ఇటియ్యవ్వా."

నాయనమ్మ బొడ్లోంచి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

గోడలకు మళ్లీ సున్నం వేశారు. ఆమె మాత్రం ఆ తర్వాత గుమ్మం దాటలేదు. పూజంతా బయటి మెట్టు మీదే కూర్చుని వినేది. లోపలికి రమ్మని నేను కొంగు లాగితే, బార్లా తెరిచిన తలుపుల ముందు కూర్చునే, "నాకాడ తాళం లేదు గద బిడ్డా," అనేది. మళ్లీ ఆమె లోపలికి వెళ్లింది శవపేటికలోనే. నలుగురు మోశారు, ఆమెను అడగలేదు.

తర్వాత గోపురం బీటలు వారిందని ఆ గుడిని కూల్చేశారు. ఇప్పుడున్నది విశాలమైనది: టైల్స్, ఫ్యాన్లు, చప్పుడు చేయని తలుపులు, చేతులకు అందకుండా అద్దాల పెట్టెలో మరియమాత. మొన్నటి అకాల వానకు నేను ఊళ్లోనే ఉన్నాను. కళ్లాల్లో జనం టార్పాలిన్ కొసలు పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నారు, నేనూ ఒక కొస పట్టుకున్నాను. పక్కనే గుడి తలుపులు మూసి ఉన్నాయి. ఎవరూ అటు చూడలేదు. తాళం కమిటీ దగ్గర ఉంటుందట. తియ్యమని కేకేద్దామన్నా, ఏ పేరు పెట్టి పిలవాలో మాలో ఒక్కరికీ తెలియదు.