నిచ్చెన ఇచ్చిన ప్లేట్లెట్లు

మనిషి మరీ పొడుగు కావడంతో తోటి పెయింటర్లు అతన్ని నిచ్చెన అనేవారు. ఇళ్ల పైకప్పులకు రంగు వెయ్యడం అతని పని. రోజంతా తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి రోలరు తిప్పేసరికి భుజం పట్టేసేది. టీ తాగి ఆస్పిరిన్ మాత్ర మింగితే తప్ప పొద్దున్నే చెయ్యి లేచేది కాదు.

అతని చెల్లెలికి ఎముకల్లో మూలుగ చెడిపోయి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్లెట్లు పుట్టడం తగ్గిపోయింది. ఎక్కించగా ఎక్కించగా పరాయివాళ్లవి ఆమె ఒంట్లో నిలవడం మానేశాయి. ఇంతలో పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. దానికి అన్న ప్లేట్లెట్లయితే సరిపోతాయని పరీక్షల్లో తేలింది.

"చిన్నప్పుడు పెన్సిల్ ముక్క ఇవ్వడానికి ప్రాణం పోయేది నీకు. ఇప్పుడు దొరికావు అన్నయ్యా!" అని నవ్విందామె.

రక్తం తీసే గదిలో నర్సు అడిగింది. "ఈమధ్య ఆస్పిరిన్ గానీ, వేరే నొప్పి మాత్రలు గానీ వేసుకున్నారా?"

"వేసుకుంటే ఏమవుతుందండీ?"

"ప్లేట్లెట్లు ఉంటాయి గానీ ఒకదానికొకటి అతుక్కోవు. రక్తం ఆగదు. ఆస్పిరిన్ అయితే కొత్తవి పుట్టేదాకా వారం పైనే ఆగాలి."

ఒక్క నిమిషం అని అతను వరండాలోకి వచ్చాడు. తల్లీ, చెల్లెలి భర్తా బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"బావా, పొద్దున కూడా మాత్ర వేసుకున్నాను. వారం ఆగాలట."

బావ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "సూదంటే భయమని చెప్పరాదూ? సోమవారం నేను డ్యూటీలో చేరాలి. మళ్లీ సెలవు నువ్విస్తావా?"

"అబద్ధం కాదు బావా."

"తాడిలా పెరిగావు, చెల్లెలికి గుక్కెడు రక్తమివ్వడానికి ఏడుస్తున్నావు. మాత్ర ఈపాటికి అరిగిపోయుంటుంది. వేసుకోలేదని చెప్పు, ఫో."

అతను తల్లి వంక చూశాడు.

"వెళ్లరా. దాన్ని చంపుకుంటావా?" అంది ఆవిడ.

అతను లోపలికి వెళ్లి, వేసుకోలేదన్నాడు.

అతని ప్లేట్లెట్లు తీసి చెల్లెలికి ఎక్కించాక, ఆపరేషన్ ముందు పరీక్షలో వాటి సంఖ్య బాగానే పెరిగింది. డాక్టర్లు ధైర్యంగా కోశారు. రక్తం ఆగలేదు. మళ్లీ లోపల చూశారు, కుట్లు వేశారు, రక్తం ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు పోయింది.

డాక్టరు ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. "ఎక్కించిన ప్లేట్లెట్లు ఉన్నాయి గానీ పనిచెయ్యలేదు. ఇచ్చేముందు మీరేమైనా మాత్రలు వాడారా?" అని అతన్ని అడిగాడు.

"ఆస్పిరిన్" అన్నాడతను.

"చెప్పుంటే వాయిదా వేసేవాళ్లం. అంత తొందరేమీ లేదు."

బావ లేచి అతని కాలరు పట్టుకున్నాడు. "దాని ఉసురు పోసుకున్నావు కదరా! నాతో ఒక్క ముక్క చెప్పి చావలేకపోయావా?"

"చెప్పాను కదా బావా! అమ్మా, నువ్వు పక్కనే ఉన్నావుగా, చెప్పమ్మా."

ఆవిడ ఉండేది అల్లుడింట్లోనే. మనవరాల్ని పెంచేదీ ఆవిడే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేమీ వినలేదు" అంది.

కొన్నాళ్లకు మేనకోడల్ని చూద్దామని వాళ్లింటికి వెళ్లాడు. తల్లి తలుపు సగమే తీసింది. లోపలి గదిలోంచి పాప, "ఎవరు అమ్మమ్మా?" అంది.

"ఎవరూ కాదులే. ఇల్లు తప్పి వచ్చాడు" అని తల్లి తలుపేసి గడియ పెట్టింది.