మా ఆఫీసు కిటికీలో గోంగూర

నోరు తెరవకుండా ఉద్యోగం చేసుకోవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. గుంటూరు నుంచి ఆక్లాండ్ వచ్చి చదువు ముగించుకుని, సిటీ సెంటర్‌లో ఒక చిన్న ప్రకటనల కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో కుదిరాను. (సెల్‌ఫోన్ మూత తెరిచి మాట్లాడి, టప్పున మూస్తే గొప్పగా ఉండే కాలం.) కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు ఎదురులేదు గానీ, మీటింగులో నాకంటే గోడ నయం. ఇంగ్లీషులో వాక్యం మనసులో కట్టుకుని, గ్రామరు సరిచూసుకుని, నోటిదాకా తెచ్చేసరికి మిగతావాళ్ళు ఆ విషయం వదిలేసి వారాంతం చేపలవేట గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. చివరికి మా బాసమ్మ (పెద్ద కళ్ళద్దాలు, చిన్న ఓపిక) నన్ను పిలిచి చెప్పేసింది. "మనం ఆలోచనలు అమ్ముకుని బతికేవాళ్ళం. నీ దగ్గర అవి ఉన్నాయో లేవో నాకింతవరకు తెలీదు. హామిల్టన్ నుంచి విత్తనాల కంపెనీ పెద్దాయన వస్తున్నాడు. ఆ మీటింగులో నువ్వు మాట్లాడాలి. లేదంటే నిన్ను ఉంచుకోవడం కష్టం." ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే నేనూ పోవాలి.

అప్పట్లో గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని దేశమంతా వాదించుకునేది. మా ఆఫీసులో ఆ వాదన ప్రతిరోజూ టీ వేళకి మొదలయ్యేది. చేయాలనే పక్షానికి నాయకుడు మా గడ్డంగారు, కంపెనీలో ప్రకటనలకి మాటలూ బొమ్మలూ ఊహించే మనిషి. "చట్టం ఒక్కటి మారనీ, ఈ దేశంలో గొర్రెలు కాసేవాడు కూడా కవిత్వం రాస్తాడు" అనేవాడు. "మారితే సోమవారం ఆఫీసుకి వచ్చేది నేనొక్కదాన్నే" అనేది బాసమ్మ. సృజన అంటే మనసు తాళం తీయడమని ఆయన, పని అంటే పొద్దున్నే ఆఫీసు తాళం తీయడమని ఆవిడ. నేను మాత్రం బిస్కెట్టు టీలో ముంచుకుంటూ ఇద్దరికీ తలూపేవాణ్ణి.

ఇక గోంగూర సంగతి. ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో మా అమ్మ తరఫు దూరపు చుట్టం ఒకావిడ ఉండేవారు, నాకు ఆంటీ. ఆదివారం భోజనానికి పిలిచి, వెళ్ళేటప్పుడు కుండీలో గోంగూర మొక్క చేతిలో పెట్టారు. "ఒరే, ఇది బతికితే నువ్వూ ఇక్కడ సెటిల్ అయినట్టే. జాగ్రత్తగా చూసుకో" అన్నారు. నా ఫ్లాట్ కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడే కనబడుతుంది, ఎండ పొడ తగలదు. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరంవైపు నుంచి కాస్తాడు కదా, మా ఆఫీసులో నా బల్ల పక్కనే చక్కటి ఉత్తరపు కిటికీ ఉంది. కుండీ అక్కడ పెట్టాను. వేసవి ఎండకి అది ఏపుగా పెరిగి, వేళ్ళు చాపిన అరచేతుల్లాంటి రంపపుటంచుల ఆకులతో కళకళలాడింది.

గడ్డంగారు ఒకరోజు దాని ముందు ఆగిపోయాడు. "నువ్వే పెంచుతున్నావా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. అవునన్నాను. "ఇంత బాహాటంగానా?" "మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మా అమ్మ ఇది లేనిదే ఊరుకోదు" అన్నాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "మీది గొప్ప దేశం" అన్నాడు. (ఇన్నాళ్ళకి ఒక కివీ గోంగూర విలువ గుర్తించాడని నేను పొంగిపోయాను.)

విత్తనాల మీటింగు రోజు పొద్దున్నే గడ్డంగారు వాడిపోయిన ముఖంతో వచ్చాడు. "బుర్రలో ఒక్క ఆలోచన లేదు. కొంచెం ఆకు ఇస్తావా?" అన్నాడు. గోంగూర అడిగితే కాదనే గుంటూరువాడు ఉంటాడా? దోసెడు కోసి ఇచ్చి, వేయిస్తే ఇంకా బాగుంటుందని సలహా కూడా ఇచ్చాను. ఆయన వాటిని వంటగది మైక్రోవేవ్‌లో కరకరలాడించి, వెనక మెట్ల మీదికి పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు కళ్ళు ఎర్రబడి, దగ్గుతో ఊగిపోతున్నాడు. వస్తూనే బోర్డు మీద పడ్డాడు. ఆకాశం నుంచి గొడుగులేసుకుని దిగే క్యారెట్లు! చర్చిలో పాటలు పాడే గుమ్మడికాయలు! "చూశారా, తాళం తీస్తే ఎలా ఉంటుందో! దీన్ని చట్టబద్ధం చేయొద్దంటారా?" అని అరిచాడు. బాసమ్మ ముక్కు ఎగరేసి, "ఏం పీల్చావు?" అంది. ఆయన నమ్మకమైన మిత్రుడే, పేరు చెప్పలేదు. కానీ కళ్ళు మాత్రం కిటికీవైపు తిరిగాయి. అందరి కళ్ళూ అటే తిరిగాయి. ఆయన చేసిన పనేమిటో నాకు అప్పుడు గానీ తలకెక్కలేదు.

"నా ఆఫీసులో గంజాయి పెంచుతావా? సామాను సర్దుకో" అంది బాసమ్మ. అలవాటుగా తలూపేశాను. వరండాలోకి వచ్చి ఆంటీకి ఫోన్ చేసి, ఉద్యోగం పోయిందని ఏడుపు గొంతుతో జరిగిందంతా చెప్పాను. అటువైపు నుంచి నిప్పులు కురిశాయి. "గోంగూరని పట్టుకుని గంజాయంటే విని బయటికొచ్చేశావా? నోరేమైందిరా నీకు? వెనక్కెళ్ళి చెప్పు! గుంటూరు పరువు తీయకు!"

వెళ్ళాను. బాక్సులో ఆంటీ ఇచ్చిన గోంగూర పచ్చడితో కలిపిన అన్నం ఉంది. (ఆ వాసనకి వాళ్ళేమనుకుంటారోనని అన్నాళ్ళూ మెట్ల కింద దాక్కుని తినేవాణ్ణి.) దాన్ని మీటింగు బల్ల మధ్యలో టప్పున పెట్టి మూత తీసి మొదలుపెట్టాను. గ్రామరు ఏ గంగలో కలిసిందో నాకు తెలీదు. ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర, ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు వీధి వీధంతా తుమ్మడం, పచ్చి ఉల్లిపాయ కొరుక్కోవడం, మా అమ్మ మొదటి ముద్ద నాకే పెట్టడం, అన్నీ చెప్పాను. "ఇందులో మత్తు లేదు. పులుపు ఉంది. కావాలంటే నమిలి చూడండి!" అని ఆకు తుంపి బాసమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ నమిలింది. ఒక కన్ను మూసుకుపోయింది. "నిమ్మకాయలా ఉంది" అంది మెల్లగా.

"నాకూ ఇవ్వండి" అన్నారెవరో. గుమ్మంలో హామిల్టన్ పెద్దాయన! ఎంతసేపటి నుంచి వింటున్నాడో. వచ్చి పచ్చడి అన్నం చెంచాతో తిన్నాడు, చెమటలు పట్టాయి, మళ్ళీ తిన్నాడు. "మా అమ్మ పెరట్లో రూబార్బ్ కాడలు ఇంతే పుల్లగా ఉండేవి. ఆవిడ పోయాక మళ్ళీ వేసుకోలేదు" అన్నాడు. ఆ ఊపులోనే నేను అన్నాను. "మీ ప్రకటనలో క్యారెట్ బొమ్మ వద్దండీ. 'మీ అమ్మ పెరట్లో ఏం పెంచేది?' అని అడగండి చాలు. విత్తనాలు వాళ్ళే కొనుక్కుంటారు." ఆయన నాతో చేయి కలిపి, బాసమ్మ వైపు తిరిగి, "ఇదే. ఈ అబ్బాయే చేయాలి" అన్నాడు. ఆ క్షణాన నేను కుర్చీలో ఆక్లాండ్‌ని ఏలుతున్నవాడిలా కూర్చున్నాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

గడ్డంగారు మాత్రం దిగాలుగా అడిగాడు. "అయితే నేను పీల్చింది పచ్చడాకా? మరి ఆ క్యారెట్లు?"

"అవి నీ సొంతం. చట్టంతో పని లేకుండా మొదటినుంచీ నీ బుర్రలోనే ఉన్నాయి" అంది బాసమ్మ. ఆయన గడ్డం నిమురుకుని, "అంటే నేను మేధావినన్నమాట!" అని వెలిగిపోయాడు. ఆ సాయంత్రం ఇద్దరం గెలిచాం.

చాలా ఏళ్ళ తర్వాత ఆ చట్టం మీద దేశమంతా ఓటు వేసింది, కొద్దిలో వద్దనే పక్షం నెగ్గింది. గడ్డంగారు ఫోన్ చేసి కాసేపు బాధపడి, తన పెరట్లో గోంగూర పూత పూసిందని చెప్పాడు. నేనిప్పుడు ఫ్లాట్ బుష్‌లోనే, ఆంటీ ఇంటికి దగ్గర్లో ఉంటున్నాను. వరండా నిండా కుండీలే. ఇప్పుడు మీటింగుల్లో నేను మొదలుపెడితే కుర్రాళ్ళు గడియారం చూసుకుంటారు. మాటలు కట్టుకోలేక బిస్కెట్టు ముంచుకుంటూ కూర్చున్న ఆ గుంటూరు పిల్లాడు ఎప్పుడైనా గుర్తొస్తే, వాడంటే కొంచెం ముద్దొస్తుంది, కొంచెం బెంగగానూ ఉంటుంది. ఆంటీకి మాత్రం అలాంటి బెంగ ఏమీ లేదు. మొన్న భోజనాల దగ్గర ఈ కథే మళ్ళీ ఎత్తుకుంటే, నా ప్లేట్లో ఇంకో ముద్ద పచ్చడి వడ్డిస్తూ అన్నారు. "మొక్క బతికింది, నువ్వూ బతికావు. ఇక కాస్త నోరు మూశావంటే మేమూ బతుకుతాం నాయనా."