బావ బండికి నేను పెట్టించిన గొంతు

మా బావ పాత పికప్ బండి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ పక్కనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. బావ అంటే మా అక్క భర్త. హఫీజ్‌పేటలో చిన్న మొక్కల నర్సరీ ఉంది ఆయనకు. ఇంజన్లోంచి పొగను సైలెన్సర్‌కు పంపే బరువైన ఇనుప భాగం ఒకటి ఉంటుంది, మెకానిక్‌లు మానిఫోల్డ్ అంటారు. దానికి సన్నటి పగులు వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు పగులు విచ్చుకుని టిక్కుమనేది, వేడెక్కగానే మూసుకుని ఊరుకునేది. "పొద్దుగాల లేవంగనే గొంతు సాఫ్ చేసుకుంటదిరా బామ్మర్దీ" అనేవాడు బావ.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. నడుస్తున్నదాన్ని నడవనివ్వడం నాకు చేతకాదు. ఆఫీసులో ఆ గుణానికి మెచ్చుకుంటారు కూడా. ఇంట్లో మాత్రం మా ఆవిడ మిక్సీని నా చేతికి అందకుండా పై అరలో దాస్తుంది.

నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంట్లలో తోట పని బావకు ఇప్పించింది నేనే. ఆ సంగతి అవసరం ఉన్నా లేకున్నా నలుగురికీ చెప్పుకునేవాణ్ని. ఆయన రోజూ ఆరింటికల్లా మట్టి, కుండీలు, ఎరువు బస్తాలు వేసుకుని వచ్చేవాడు. మా దగ్గర ఎక్కువమంది కోస్తా జిల్లాల వాళ్లు. వాళ్లతో మాట్లాడటానికి బావ 'అండి' నేర్చుకుని, దొరికిన ప్రతి మాటకూ దాన్ని తగిలించేవాడు. "ఈ చెట్టుకు ఎండ గావాలెనండి. నీళ్లు జర తక్కువ పొయ్యాలెనండి." అవతలివాళ్లు అటు తిరగ్గానే నావైపు చూసి కన్నుకొట్టి, "ఏందిరా, మంచిగొచ్చిందా నా అండి?" అని అడిగేవాడు. ఒకసారి నేను వేళాకోళంగా "చాలా బాగుందండీ" అన్నాను. నెత్తిమీద ఒక్కటిచ్చి, "అది గిరాకీలకురా. మనోళ్లకు గాదు" అన్నాడు.

పోయిన ఏడాది ఆ పగులు పెద్దదైంది. పొగ క్యాబిన్‌లోకి రావడం మొదలై బావకు దగ్గు పట్టుకుంది. మూసాపేటలో ఆయన ఎప్పుడూ వెళ్లే మెకానిక్ చూసి, దానికి వెల్డింగ్ ఆగదు, అదే రకం పాత మానిఫోల్డ్ ఎక్కడైనా దొరికితే వేస్తానన్నాడు. అదే వారం బావ, అక్క చుట్టాల పెళ్లికి ఊరెళ్లాలి. బండి మెకానిక్ దగ్గర పెట్టి నాకు అప్పజెప్పాడు. "అసొంటిదే దొరికితె ఎక్కియ్యమను. దొరక్కపోతె నేనొచ్చినంక చూస్త. ఇంకోటి ఏం వద్దు" అన్నాడు. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

నేను మూడు సాయంత్రాలు వీడియోలు చూశాను. ఆ మోటు ఇనుప ముక్కకు బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో స్టీలు గొట్టం ఉండే హెడర్లు అని ఉంటాయట. అవి పెడితే ఇంజన్ హాయిగా ఊపిరి తీసుకుంటుందట, లాగుడు పెరుగుతుందట. మట్టి బస్తాలతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఎంత ఆయాసపడుతుందో నాకు తెలుసు. బావ తిరిగొచ్చి తాళం తిప్పగానే ఆయన ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుని నాలో నేనే మురిసిపోయాను. తెప్పించాను.

మెకానిక్ ఆ మెరిసే గొట్టాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, గివి షోకు బండ్లకు పెడ్తరు. మట్టి మోసే డీజిల్ బండికెందుకు? పాత సైలెన్సర్‌కు గూడ కూసోవు. మస్తు చప్పుడైతది."

"సైలెన్సర్ గూడ మార్చెయ్ భయ్. బావకు నేను చెప్పుకుంట."

"మరి పాత సామాను?"

"తుక్కుల ఎయ్" అన్నాను. తుప్పు పట్టిన బోల్టులు రెండు విరిగితే సగం రోజు వాటితో కుస్తీపట్టి, మొత్తానికి బిగించాడు.

బావ వచ్చి తాళం తిప్పాడు. బండి ఒక్కసారి గర్జించింది. ఆయన ఉలిక్కిపడటం నేను చూశాను. చూసి కూడా సంతోషం అనుకున్నాను. వీధి చివరిదాకా నడిపి వచ్చి, "మస్తుందిరా. ఇగ పొగ గూడ రాదు" అన్నాడు. బండి దిగి, "జర చప్పుడెక్కువున్నట్టుంది?" అన్నాడు.

"పవర్ బావా! చప్పుడు లేకుండ పవర్ ఎట్లొస్తది?"

ఆయన తలూపి తాళం జేబులో వేసుకున్నాడు. ప్రేమగా ఇచ్చినదాన్ని కాదనే మనిషి కాడు. నేను మళ్లీ అడగలేదు కూడా. అడిగి ఉంటే చెప్పేవాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మా ఫ్లాట్ వెనకవైపు ఉంటుంది. కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని ఎనిమిదింటిదాకా పడుకునే రకాన్ని నేను. బావ బండి గేటు దాటి వస్తుంటే ముందు బ్లాకుల్లో ఎలా వినబడుతుందో నాకేం తెలుసు? ఒకరోజు ఆఫీసు మీటింగ్‌లో ఉండగా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. తెల్లవారకముందే ఏదో సర్వీస్ బండి భరించలేని శబ్దం చేస్తోందండి, పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, ఇకమీదట అలాంటి బండ్లను గేటు లోపలికి రానివ్వకూడదు, ఒప్పుకునేవాళ్లు ఫ్లాట్ నంబరు రాసి ప్లస్ వన్ పెట్టండి, అని. ప్లస్ వన్ అంటే మా ఆఫీసుల్లో సగం చదివి తలూపడం. ఎవరో ఏదో అంటారు, మనం ప్లస్ వన్ పెట్టేసి మన పనిలో పడతాం. ఫ్లాట్ నంబరు రాశాను, ప్లస్ వన్ పెట్టాను. ఏ బండి అన్న ఆలోచనే రాలేదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఆఫీసుకు త్వరగా బయల్దేరాను. గేటు బయట, రోడ్డుకు అవతలి పక్క బావ బండి ఆగి ఉంది. ఆయన ఒక చక్రాల బండి మీద కుండీలు పేర్చుకుని రోడ్డు దాటిస్తున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏంది బావా, బండి లోపలికి తేవొచ్చు గద?"

"వద్దన్నరు గద."

"ఎవడు వద్దన్నది?" అంటూ సెక్యూరిటీ గదిలోకి దూసుకుపోయాను. అక్కడివాణ్ని నోటికొచ్చినట్టు అన్నాను. పాపం, అతను గోడవైపు చూపించాడు. సెక్రటరీగారు ఆ మెసేజ్‌ను, కింద ఒప్పుకున్నవాళ్ల ఫ్లాట్ నంబర్లను ప్రింటు తీయించి అంటించారు. పైనుంచి నాలుగోది మాది. బావ రోజూ లోపలికొచ్చేటప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టేది ఆ కాగితం కిందే. మా నంబరు ఆయనకు కంఠతా వచ్చు, వారానికోసారి కరివేపాకు తెచ్చి ఇచ్చేది ఆ ఇంటికే కదా.

తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి, "బావా, అది నీ బండి అని నాకు తెల్వదు" అన్నాను.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎవరి బండైతేంది? ఎవలో ఒకలు బతికే బండే గద" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండునని ఆ రోజంతా అనుకున్నాను.

ఆ శనివారమే మూసాపేట వెళ్లాను. "మీరే తుక్కుల ఎయ్యమన్నరు గద సార్" అన్నాడు మెకానిక్. తుక్కు దుకాణాలన్నీ తిరిగి, అలాంటి మానిఫోల్డే ఒకటి పట్టుకుని, మామూలు సైలెన్సర్‌తో సహా మళ్లీ పెట్టించాను. బండి ఇప్పుడు పాత గొంతుతోనే మాట్లాడుతుంది, ఆ టిక్కు టిక్కు కూడా లేదు. సెక్రటరీగారి దగ్గరికి వెళ్లి, చప్పుడు పోయింది, రానివ్వండి అని బతిమాలాను. "ఒక్కరి కోసం రూలు మారిస్తే ఎలాగండి? మీరు కూడా ప్లస్ వన్ పెట్టారు కదండీ" అన్నారాయన.

బావ ఇప్పటికీ చక్రాల బండి మీదే మట్టి లోపలికి తెస్తాడు. పని మానలేదు, మా ఇంటికి రావడమూ మానలేదు. అక్క కూడా ఎప్పటిలాగే ఫోన్ చేస్తుంది. ఏమీ జరగలేదనే అనుకోవాలని చూశాను.

పోయిన ఆదివారం మా ఆవిడ అడిగిందని మల్లె మొక్క తెచ్చాడు. తలుపు నేనే తీశాను. కుండీ అందుకుని, "లోపలికి రా బావా, చాయ్ తాగి పో" అన్నాను. ఇదివరకైతే నన్ను పక్కకు నెట్టి వంటింటిదాకా వెళ్లిపోయేవాడు. ఆ రోజు చెప్పులు విడవకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"లేదండి. ఇంక రెండు బ్లాకులున్నయండి" అన్నాడు.

కన్నుకొడతాడేమోనని చూశాను. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా చూస్తూనే ఉన్నాను.