బల్ల మీద లేని పేరు

పోన్స్‌లే గారి కబురు వచ్చేసరికి నోర్బేర్ దెల్వో వంటింట్లో కుర్చీ మీద కాలు చాపుకుని, మోకాలికి మంచుముక్కల సంచీ కట్టుకుని కూర్చున్నాడు. పోన్స్‌లే గారంటే రోక్‌వాల్‌లో ఉన్న ఇనుప పోత కార్ఖానాకి యజమాని. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడూ ఆయనే. కార్ఖానాలో సైరన్ మోగినా, స్టేడియంలో కోచ్ మారినా అంతా ఆయన మాట మీదే.

నోర్బేర్ ఇంటికి వెళితే, ఆయన కూర్చోమని కూడా అనలేదు. వాకిట్లో నిలబెట్టే మాట్లాడారు.

“ఆ మోకాలు ఇక పనికిరాదన్నాడు డాక్టరు. నీకూ చెప్పే ఉంటాడు.”

“చెప్పాడండీ.”

“పాత కోచ్‌ని పంపించేశాను. సోమవారం నుంచి జట్టు నీది. ఏమంటావు?”

నోర్బేర్ టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

“నీలో నాకు నచ్చేది అదేనోయ్, నోరు తెరవవు. ఒక్కటి గుర్తుపెట్టుకో. వాళ్ళతో కూర్చుని బీరు తాగడం ఇవాళ్టితో సరి. నిన్ను ‘మీరు’ అనమను. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్నవాడు నీ మాట వినడు.”

నోర్బేర్ కుంటుకుంటూ నది ఒడ్డునే ఇంటికి నడిచాడు. మ్యూజ్ నది మీద పొగమంచు దిగుతోంది. సంతోషపడాలో ఏడవాలో అతనికి తెలియలేదు. పదహారో ఏట ఈ క్లబ్బు చొక్కా తొడుక్కున్నాడు. మళ్ళీ ఇంకో చొక్కా తొడగలేదు. పెద్ద క్లబ్బుల వాళ్ళు రెండుసార్లు వచ్చి అడిగినా వెళ్ళలేదు. అడిగినవాళ్ళకి భార్య సొలాంజ్ బడి ఉద్యోగం సాకు చెప్పాడు గానీ, అసలు కారణం కజిమిర్.

కజిమిర్ వోజ్నియాక్ తాత పోలండ్ నుంచి బతకడానికి వచ్చి కార్ఖానాలో చేరాడు. ఊరంతా కజిమిర్‌ని కజిక్ అని పిలిచేది. ఇద్దరూ వెనక వరసలో పక్కపక్కన ఆడేవారు. నోర్బేర్ ఎంత తక్కువ మాట్లాడేవాడో, కజిక్ అంత ఎక్కువ. జట్టంతా అవతలి గోల్ మీదకి ఎగబడినప్పుడు ఇవతలి సగం మైదానంలో ఈ ఇద్దరే మిగిలేవారు. అప్పుడు కజిక్ నడుం మీద చేతులు పెట్టుకుని కబుర్లు మొదలుపెట్టేవాడు.

“ఒరేయ్ నోర్బేర్, నిన్న మా అమ్మ క్యాబేజీ ముట్టుకోకుండా వంట చేసింది. ఎవరో పోయారనుకున్నాను.”

“బంతి చూడరా.”

“అక్కడెక్కడో ఉంది కదరా. వచ్చినప్పుడు చూద్దాంలే.”

బంతి వచ్చేది. “నాదీ” అని ఒకడంటే రెండోవాడు తప్పుకునేవాడు. కొన్నాళ్ళకి ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. ఆ చలిలో, ఆ బురదలో, గోల్ కొట్టినవాణ్ణి అందరూ భుజాలకెత్తుకుంటుంటే దూరంగా నిలబడి చూడటం నోర్బేర్‌కి ఎప్పుడూ వెలితి అనిపించలేదు. పక్కన కజిక్ ఉండేవాడు.

సోమవారం నాడు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళి, అలవాటుగా తన కోటు కజిక్ కోటు పక్కన కొక్కేనికి తగిలించాడు. తర్వాత అందరి ముందూ నిలబడి పోన్స్‌లే గారు చెప్పమన్నది చెప్పాడు. ఇకనుంచి తనని ‘మీరు’ అనాలని. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

 కజిక్ లేచి, లేని టోపీ తీసినట్టు చెయ్యి ఊపి వంగాడు.

“చిత్తం మహాప్రభూ. తమరి మేజోళ్ళు తమరే ఉతుక్కుంటారా, మమ్మల్ని ఉతకమంటారా?”

గది గొల్లుమంది. నోర్బేర్ కూడా నవ్వాడు. ఆ వారం అంతా కజిక్ ‘తమరు’ అంటూనే ఉన్నాడు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. కానీ శుక్రవారం వచ్చి చూస్తే నోర్బేర్ కోటు తగిలించే కొక్కేనికి ఇంకెవరిదో కోటు ఉంది. కోచ్‌కి వేరే గది ఉందిగా అని వాళ్ళు అనుకుని ఉంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ గది ఒకప్పుడు గోల్ వలలు పడేసుకునే కొట్టు. ఒక కిరోసిన్ పొయ్యి, ఒక బల్ల, ఒక కుర్చీ. గోడకి అవతల డ్రెస్సింగ్ రూమ్. కజిక్ ఏదో చెప్పడం, అందరూ పగలబడి నవ్వడం వినపడేది. ఏం చెప్పాడో మాత్రం వినపడేది కాదు. నోర్బేర్ తలుపు తీసుకుని వెళితే నవ్వు ఆగిపోయేది.

శీతాకాలమంతా జట్టు ఓడుతూ, గెలుస్తూ, మళ్ళీ ఓడుతూ వచ్చింది. వసంతం నాటికి పట్టికలో అడుగుకి చేరింది. ఆఖరి మ్యాచ్ సొంత మైదానంలో. ఓడిపోకుండా ఉంటే చాలు, రెండో డివిజన్‌లో నిలబడతారు. ఓడితే కింది డివిజన్‌కి పడిపోతారు. కజిక్‌కి అదే చివరి మ్యాచ్ కూడా. ఆ తర్వాత ఆట మానేస్తున్నానని ఊరంతా చెప్పుకున్నాడు. వాళ్ళ నాన్న, అక్కలు, పిల్లలు అందరికీ ముందు వరసలో చోటు అట్టిపెట్టించాడు.

అవతలి జట్టులో ఎడమవైపు ఆడేవాడొకడు కుందేలులా పరిగెడతాడు. ఆ ఏడు కజిక్ కాళ్ళు నెమ్మదించాయి. అది ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసింది నోర్బేర్‌కే. మలుపు తిరిగేటప్పుడు కజిక్ ఎడమ భుజం ముందు కదులుతుంది, కాలు తర్వాత వస్తుంది. అవతలివాడు దాటిపోవడానికి ఆ క్షణం చాలు. రిజర్వు జట్టులో పత్రిస్ మాయో అని ఒకడున్నాడు. ఆట ఇంకా ముతకే గానీ వేగం ఉంది.

గురువారం భోజనాల దగ్గర సొలాంజ్ అడిగింది.

“తింటున్నావా, ఆడుతున్నావా?”

“కజిక్‌ని కూర్చోబెట్టాలి.”

ఆమె చెంచా కింద పెట్టింది. “నీకు నిజంగా అలాగే అనిపిస్తోందా?”

“అనిపించడం కాదు. తెలుసు.”

“మరయితే వాళ్ళింటికి వెళ్ళి చెప్పు. ఇప్పుడే వెళ్ళు. నువ్వు చెబితే వింటాడు. తిడతాడు, ఆ తర్వాత వింటాడు.”

వెళ్ళాడు. కార్ఖానా వెనక ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలో కజిక్‌ది చివరి ఇల్లు. కిటికీ తెరిచి ఉంది. లోపల కజిక్ తండ్రి ఆదివారానికని తన నల్ల కోటుకి బ్రష్షు కొడుతున్నాడు. ముసలాయనకి కార్ఖానా రొదలో చెవులు పోయాయి. అందుకని కజిక్ గట్టిగా అరిచి చెబుతున్నాడు, “నాన్నా, ఆ కోటు పెళ్ళికి తొడుక్కున్నావు, చావుకి దాచుకున్నావు, మధ్యలో నా ఆటకా?” ముసలాయన నవ్వుతున్నాడు. నోర్బేర్ తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు. తట్టలేదు. తిరిగి వచ్చేశాడు.

“చెప్పావా?” అంది సొలాంజ్.

“రేపు చెబుతాను.”

రేపూ చెప్పలేదు, ఎల్లుండీ చెప్పలేదు. ఆదివారం ఆటగాళ్ళు రాకముందే వెళ్ళి డ్రెస్సింగ్ రూమ్‌లోని నల్లబల్ల మీద పదకొండు పేర్లు రాసి, వలల కొట్టులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గోడ అవతల ఒక్కొక్కరే వస్తున్న చప్పుడు. కజిక్ గొంతు. నవ్వులు. తర్వాత ఏ చప్పుడూ లేదు. కజిక్ వస్తాడని, తలుపు తన్ని తిడతాడని నోర్బేర్ ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎవరూ రాలేదు.

ఆట గోల్ లేకుండా ముగిసింది. అదే కావలసింది. కుందేలులాంటివాడు మూడుసార్లు తప్పించుకుపోయాడు, మూడుసార్లూ పత్రిస్ వాణ్ణి అందుకున్నాడు. చివర్లో ఒకసారి గోల్ గీత మీద నుంచి బంతిని కాలితో వెనక్కి లాగేశాడు. కజిక్ అయి ఉంటే అక్కడికి చేరేవాడు కాదు. ఈల మోగగానే జనం గట్లు తెగినట్టు మైదానంలోకి దూకారు. పోన్స్‌లే గారు నోర్బేర్‌ని కావలించుకున్నారు. జీవితంలో మొదటిసారి నోర్బేర్‌ని నలుగురు భుజాలకెత్తుకున్నారు. ఆ ఎత్తు నుంచి అతనికి బెంచీ కనపడింది. కజిక్ ముందు వరసలో ఉన్న తండ్రి వైపు వంగి, ఆయన చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆయనకి అర్థం కావడంలేదు. కజిక్ మళ్ళీ చెబుతున్నాడు.

సాయంత్రం బీరు కొట్లో అందరి ముందూ కజిక్ వచ్చి చెయ్యి చాచాడు.

“అభినందనలు, దెల్వో గారూ. మీరు అనుకున్నదే నిజమైంది.”

నోర్బేర్ అతని మొహంలోకి చూశాడు, ఎక్కడైనా వేళాకోళం ఉందేమోనని. లేదు.

ఆ మ్యాచ్ నోర్బేర్‌కి పేరు తెచ్చింది. మొహమాటపడని కోచ్ అన్నారు. రెండేళ్ళ తర్వాత వేరే ఊరివాళ్ళు పిలిస్తే ఈసారి వెళ్ళాడు. ఇక అక్కడి నుంచి ఊరూరూ తిరగడమే. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ద్రాక్షతోటల మధ్య ఒకటి, దక్షిణాన మైదానంలో గడ్డి మొలవని ఒకటి. క్లబ్బు వాళ్ళిచ్చిన గదులు, ఇంకెవరివో కర్టెన్లు. గెలిచినన్నాళ్ళు ఉంచుకున్నారు, ఓడితే పంపించేశారు. పెట్టె సర్దుకోవడం అతనికి అలవాటైపోయింది.

అన్ని ఊళ్ళలోనూ ఒక పని మాత్రం చేసేవాడు. ఎవరినైనా జట్టులోంచి తప్పిస్తే ముందురోజు వాళ్ళింటికి వెళ్ళి తలుపు తట్టేవాడు. టోపీ తీసి, వాకిట్లో నిలబడి, ఎందుకు తప్పించాడో చెప్పేవాడు. కొందరు లోపలికి రమ్మని కాఫీ ఇచ్చారు. ఒకడి భార్య అతని మొహం మీదే తలుపేసింది. రానురాను ఆటగాళ్ళు అతని టోపీ వీధి చివర కనపడితే చాలు దీపం ఆర్పేసేవారు. “శవాల బండి వస్తోందిరోయ్” అని చాటుగా అనుకునేవారు. అది అతని చెవినా పడింది. అయినా వెళ్ళడం మానలేదు.

సొలాంజ్ రోక్‌వాల్‌లోనే ఉండిపోయింది. వారానికోసారి ఫోను. మొదట్లో తన బడి పిల్లల కబుర్లు చెప్పేది, తర్వాత వాతావరణం చెప్పేది. ఒక వేసవిలో సెలవులకి ఇంటికి వస్తే ఆమె మెల్లగా అంది.

“కోప్పడకు నోర్బేర్. నువ్వు రాకపోతే దిగులుపడేదాన్ని. ఇప్పుడు నువ్వు వస్తున్నావంటే దిగులుగా ఉంటోంది.”

అతను కోప్పడలేదు. ఆమె అన్నది నిజమేనని అతనికీ తెలుసు. విడాకుల కాగితాల మీద సంతకాలు చేసిన రోజు ఇద్దరూ కలిసే భోంచేశారు. ఆమె తన పళ్ళెంలోని ఉడికిన బంగాళాదుంప, ఎప్పటిలాగే, అతని పళ్ళెంలో వేసింది. తర్వాత ఆమె రైన్స్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

పని దొరకని వయసు వచ్చాక నోర్బేర్ రోక్‌వాల్‌కే తిరిగొచ్చాడు. కార్ఖానా మూతపడింది. పోన్స్‌లే గారు పోయారు. క్లబ్బు ఎన్నో మెట్లు దిగి, చుట్టుపక్కల పల్లెలతో ఆడుకుంటోంది. కజిక్ స్టేడియం ఎదురుగా పొగాకు కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. నోర్బేర్ పొగాకు కోసం వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళేవాడు.

ఒక నవంబరు ఉదయం వంతెన మరమ్మతుకని మూసేశారు. చాలాసేపు ఆలోచించి కజిక్ కొట్టుకే వెళ్ళాడు. కజిక్ లావయ్యాడు, జుట్టు ఊడింది. తల ఎత్తి చూశాడు.

“వంతెన మూసేశారన్నమాట,” అన్నాడు.

నోర్బేర్ తలూపాడు. కజిక్ అడగకుండానే పొగాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. కొట్లో ఇంకెవరూ లేరు.

“ఆ రోజు మీ ఇంటిదాకా వచ్చాను కజిక్. గురువారం.”

“తెలుసు. కిటికీలోంచి మీ టోపీ కనపడింది.”

నోర్బేర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎందుకొచ్చారో అప్పుడే తెలిసింది,” అన్నాడు కజిక్. “నా కాళ్ళ సంగతి నాకు తెలియదా ఏంటి? నేనే కోచ్‌నైతే నన్ను క్రిస్మస్‌కి ముందే కూర్చోబెట్టేవాణ్ణి. తలుపు తడతారని చూశాను. తట్టలేదు. పోనీలే, పొద్దున్న చెబుతారనుకున్నాను. నాన్నకి కోటు తొడిగింది నేనేనండీ. ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఎప్పుడు దిగుతావురా, ఎప్పుడు దిగుతావురా అని. ఆయన చెవిలో ఎంత అరిచి చెప్పాలో మీకు తెలుసుగా. ఊరంతా విన్నారు.”

“తట్టి ఉండాల్సింది.”

“ఉండాల్సింది,” అన్నాడు కజిక్. కోపంగా కాదు, అలసటగా. చిల్లర లెక్కపెట్టకుండానే ఇచ్చాడు. “కాఫీ తాగుతారా? చికోరీ ఎక్కువ. మా అమ్మాయి డాక్టరు మాట పట్టుకుని అసలుది తాగనివ్వదు.”

తాగారు.  ఆ చలికాలంలో రెండు మూడు ఆదివారాలు కలిసి మైదానం చుట్టూ కమ్మీ పట్టుకుని పల్లె ఆటలు చూశారు. కజిక్ పక్కవాళ్ళకి జోకులు చెప్పేవాడు, నోర్బేర్ వినేవాడు. పాత స్నేహం మళ్ళీ మొదలైందని చెప్పలేం. ఒకరి మీద ఒకరికి కోపం మాత్రం మిగల్లేదు.

వసంతంలో కజిక్ కొట్టు అమ్మేసి, కూతురి దగ్గర ఉండటానికి లీల్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నోర్బేర్ ఇంటికి వచ్చాడు గానీ, ఆ వేళకి నోర్బేర్ నది ఒడ్డున నడుస్తున్నాడు. పక్కింటావిడ చెప్పింది, లావుపాటి ఆయనెవరో చాలాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళాడని.

“ఏమన్నా చెప్పమన్నాడా?” అని అడిగాడు నోర్బేర్.

“ఏమీ లేదండీ. చలిగా ఉంది లోపలికి రండి అంటే, పరవాలేదన్నారు.”

నోర్బేర్ ఆమెకి థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళాడు. పొయ్యి వెలిగించి, రెండు బంగాళాదుంపలు కడిగి గిన్నెలో వేశాడు. నీళ్ళు మరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి మైదానం వైపు చూశాడు. ఆదివారం కాదు. అక్కడెవరూ లేరు.