ఇరవై నాలుగో సమాధి

దెయ్యం అనే మాట మా ఇంట్లో ఎవరన్నా ఎత్తితే నేను కసురుతాను. నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పదిహేనేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. రుజువు లేనిది బోర్డు మీద రాయను. ఇది చదివి తాయెత్తు కట్టించుకోమనో, ప్రార్థన పెట్టించుకోమనో చెప్పాలనుకునేవాళ్ళు ఆ సలహా తమ దగ్గరే ఉంచుకోండి. జరిగింది జరిగినట్టు చెప్తాను. చెప్తుంటే కోపం వస్తుంది, దాన్ని దాచను.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఉంటుంది. ఊరి చివర మా క్రైస్తవుల సమాధుల దొడ్డి. నాయనను కన్న మా జేజి అక్కడే ఉంది. నాకంటే ముందు పుట్టి రెండో రోజే పోయిన అక్క కూడా అక్కడే ఎక్కడో ఉంది. ఎక్కడో అని ఎందుకంటున్నానంటే, ఆ బిడ్డను పూడ్చింది మా నాయన ఒక్కడే. బాలింతను దొడ్డికి రానివ్వలేదు. తర్వాత అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయన మర్చిపోయానన్నాడు. బాప్తిస్మం కాలేదని సంఘం రిజిస్టరులో కూడా ఆ బిడ్డను రాయలేదు. నలభై ఏళ్ళుగా సమాధుల పండుగకు అమ్మ ఒక కొవ్వొత్తి ఎక్కువ తెస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియక గేటు పక్కన వెలిగిస్తుంది.

పోయిన ఏడాది ఊరికి కొత్తగా కంప్యూటరు పటం వేశారు. అందులో మా దొడ్డి ‘ఖాళీ స్థలం’ అని ఉంది. గోదాము కడతారని తెలిసింది. ఆఫీసు పేరు చెప్పను. నేను పోయి అడిగితే అక్కడి మనిషి తల కూడా ఎత్తలేదు.

“సమాధులు యాడుండాయమ్మా? పటంలో లేవే. ఉంటే కొలతలతో పటం తెచ్చీయి, నెల లోపల.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు తరాల వాళ్ళు మట్టిలో ఉంటే, ఈయన కాగితం చూసి లేరంటాడా? ఊళ్ళో అమ్మానాయనల ఇంటికి పోయి అరిచాను. అమ్మ మాత్రం ఒక్కటే మాట అంది. “దాన్ని సదును చేస్తే నా బిడ్డ యాడుందో ఇంగ ఎప్పుడూ తెలీదు పాపా.”

ఆ పటమేదో నేనే వేస్తానని, డిజిటల్ పటాలు నేర్పే సెంటర్లో సాయంత్రాలు చేరాను. చుట్టూ నా సగం వయసు పిల్లలు. మొదట్లో నేర్పింది ఇంతే. చెట్టు ఒక చుక్క, దారి ఒక గీత, చేను ఒక మూసిన ఆకారం. వేటికవి ఒక్కో పొర. పొరలన్నీ నూనె కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పరచాలి. ప్రతి ఆకారానికీ వెనక ఒక పట్టిక ఉంటుంది, అందులో పేరు, కొలత, వివరం రాయాలి. “మేడమ్, గడి ఖాళీగా వదలొద్దు” అని మా సారు రోజూ అనేవాడు. మొదటి వారం నేను అక్షాంశం చోట రేఖాంశం కొట్టాను. మా ఊరు పోయి ఉత్తర ధ్రువం పక్కన మంచులో పడింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. లెక్కల టీచరును కదా, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నడిచిన దారిని ఫోన్లో నమోదు చేయడం నేర్చుకున్నాక, ఒక శనివారం పొద్దున ఊరికి పోయాను. పండుగకు దారి మేరకే కొట్టే ముళ్ళ కంప, వానలకు మళ్ళీ దొడ్డి నిండా కమ్ముకుంది. లోపలికి కుక్క కూడా దూరలేదు, ఒక్క సమాధి కనపడదు. హద్దన్నా తీసుకుందామని అంచు వెంబడే ఒక చుట్టు తిరిగాం. ముందు నాయన, వెనక నేను ఫోన్ పట్టుకుని. ముప్పావు గంట పట్టింది. గేటు దగ్గరికి వచ్చాక మళ్ళీ అడిగాను.

“నాయనా, అక్కను యాడ పెట్టినావ్?”

“గుర్తులేదంటి గదా. ఎన్నిసార్లు అడుగుతావ్?”

గోడకు చెప్పుకున్నా మేలు. ఆ కోపంలో నమోదు ఆపడం మర్చిపోయి, ఫోన్ సంచిలో పడేసి ఆటో ఎక్కాను. ఆళ్లగడ్డలో బస్సు పట్టుకుని నంద్యాల వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోన్ ఇంకా నమోదు చేస్తూనే ఉంది. అప్పుడు ఆపాను. బస్సు టికెట్టు మీద ఆ రోజు తేదీ, టైమూ ఉన్నాయి. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

సోమవారం క్లాసులో ఆ ఫైలు తెరిచాం. దొడ్డి చుట్టూ మేం నడిచిన గీత సరిగ్గానే ఉంది. ఆ తర్వాత గీత రోడ్డెక్కి నంద్యాల దాకా రావాలి. రాలేదు. గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగి, కంపలోకి పోయింది. లోపల వరసలు వరసలుగా పొడుగు డబ్బాలు. అన్నీ తూర్పు పడమరలుగానే. ఒకదాన్ని చుట్టి, మెల్లగా ఇంకోదాని దగ్గరికి. ఫోన్ నాతోపాటు ఆటోలో, బస్సులో ఉన్న టైమంతా ఆ డబ్బాల్లోనే పోయింది.

“జీపీఎస్ ఎర్రర్ మేడమ్, చెట్ల కింద వస్తుంటుంది. తీసేస్తా” అని సారు మౌస్ పట్టుకున్నాడు.

“ముట్టుకోవద్దు సార్” అన్నాను. గట్టిగానే అన్నాను, పిల్లలు తిరిగి చూశారు. ఎర్రర్ అయితే చిక్కుపడిన దారంలా ఉంటుందని నేర్పింది ఆయనే. ఫోన్ లెక్క మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ పోతుందనీ, మనిషి పొడవు ఆకారాన్ని ఇంత శుభ్రంగా గీయలేదనీ చెప్పింది కూడా ఆయనే. అదే అడిగాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మౌస్ వదిలేశాడు.

డబ్బాలు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. సంఘ పెద్ద దగ్గర రిజిస్టరు తీయిస్తే పూడ్చినవాళ్ళు ఇరవై ముగ్గురు. మిగిలిన డబ్బా ఈశాన్యం మూలన ఉంది. మిగతావాటిలో సగం కూడా లేదు. గీత దాన్ని మూడుసార్లు చుట్టింది.

తర్వాతి శనివారం ఆ పటం అచ్చు తీసి నాయన ముందు పెట్టాను. చిన్న డబ్బా సంగతి నేనింకా ఎత్తనే లేదు. ఆయన వేలు దానంతట అదే ఆ మూలకు పోయింది.

“ఇది నీకెవురు చెప్పినారు?”

మర్చిపోయినవాడికి ఆ మూల ఎలా తెలుసు? అదే అరిచాను. నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది. నాయన, “చెప్తే మీయమ్మ దినామూ ఆడ్నే కూచ్చుంటాదని చెప్పల్యా” అన్నాడు.

అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఆమె అరవలేదు.

“నలభై ఏండ్లు గేటు కాడ కూచ్చుంటి గదప్పా. ఆడ కూచ్చుంటే నీదేం పోతాండె?”

నలుగురు మనుషులను పెట్టి రెండు రోజులు కంప కొట్టించాను. సమాధులు పటంలో ఉన్న వరసల్లోనే బయటపడ్డాయి. ఈశాన్యం మూలన జానెడు బేతంచెర్ల బండ ముక్క నిలబెట్టి ఉంది. దాని మీద పేరు లేదు. తనే పెట్టానని నాయన ఒప్పుకున్నాడు.

ఇక పట్టిక మిగిలింది. ఇరవై మూడు పేర్లు రిజిస్టరు చూసి కొట్టాను. ఇరవై నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. ‘పేరు లేదు’ అని రాద్దామా అని అమ్మను అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అమ్మ తల ఎత్తలేదు.

“ఎస్తేరు.”

“ఎప్పుడు పెట్టినారు మా?”

“కడుపులో ఉన్నప్పుడే పెట్టుకుంటి. ఎవురూ అడగల్యా.”

నేను కూడా అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాయన మీద ఎంత కోపమో నా మీద కూడా అంతే.

పటం ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా రాలేదు గానీ గోదాము పని ఆగింది.

ఆ కంపలో ఎవరు నడిచారో నాకు తెలియదు. ఫైలు ఉంది, టికెట్టు ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా ఈ లెక్క తేలడం లేదు. మా సారు ఇప్పటికీ ఎర్రర్ అనే అంటాడు, కాకపోతే మెల్లగా అంటాడు. నడిచింది ఎవరైనా, నలభై ఏళ్ళ కింద నాయన చెప్పాల్సిన మాట చెప్పిపోయారు. దానికి ఫోన్ కావాల్సి వచ్చిందనే నా మంట.

మొన్న సమాధుల పండుగకు అమ్మ గేటు దగ్గర ఆగలేదు.